బడి బోర్డుకూ బల్దియా అనుమతి కావాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ పరిధిలోని ఒక కాలనీలో మా ట్రస్టు పదో తరగతి దాకా బడి నడుపుతోంది. అద్దె భవనం. ఈ వేసవిలో పాత రేకు బోర్డు తీసేసి మేడ మీద ఇనుప ఫ్రేములో ఎల్ఈడీ బోర్డు పెట్టించాం. మెయిన్ రోడ్డు మలుపులో ఫుట్‌పాత్ మీద దారి చూపే బోర్డు ఒకటి పాతాం. అనుమతి లేకుండా పెట్టారని ఇప్పుడు నోటీసు వచ్చింది. మాది వ్యాపారం కాదు, బడి. పేరు రాసుకోవడానికి కూడా అనుమతి కావాలా?

జవాబు: పేరు రాసుకోవడానికి అక్కర్లేదు. అయితే మీరు పెట్టింది ఒట్టి పేరు బోర్డు కాదు, చిక్కంతా అక్కడే ఉంది.

జీహెచ్ఎంసీ చట్టం, 1955లోని సెక్షన్ 421 ప్రకారం కమిషనర్ రాతపూర్వక అనుమతి లేకుండా ప్రకటన బోర్డు పెట్టకూడదు. అదే సెక్షన్ కొన్నిటికి మినహాయింపు ఇచ్చింది. ఆ ఆవరణలో జరిగే పనికి సంబంధించినవి, భవనం పేరో అందులో ఉన్నవాళ్ల పేరో తెలిపేవి అయితే అనుమతి అవసరం లేదు. షరతులు రెండే: ఆ బోర్డుకు లైట్లు ఉండకూడదు, అది భవనం పైన ఆకాశంలోకి లేచి కనిపించే ‘స్కై సైన్’ కాకూడదు. మీ పాత రేకు బోర్డు ఈ మినహాయింపులో హాయిగా ఇమిడేది. కొత్తది రెండు షరతులనూ దాటింది.

‘ట్రస్టు కదా, వ్యాపారం కాదు కదా’ అన్న వాదన మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అధికారి చూసేది బోర్డునే, మీ ట్రస్టు డీడ్‌ను కాదు. కేవలం ఫలానా చోట ఫలానా సంస్థ ఉందని తెలిపే బోర్డుకూ, జనాన్ని ఆకర్షించడానికి పెట్టే ప్రకటనకూ తేడా చూడాలన్న చర్చ 2005లో ఐసీఐసీఐ బ్యాంకు ఏటీఎం బోర్డుల కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బడి పేరు, చిరునామా, ఫోన్ నంబరు వరకైతే ఆ తేడా మీకు అనుకూలం. దాని కిందే ‘అడ్మిషన్లు జరుగుతున్నాయి’ అని స్క్రోలింగ్, పక్కన పదో తరగతి టాపర్ల ఫోటోలు ఉంటే అది ప్రకటన కాదని వాదించడం నాకైతే కష్టమే. (పిల్లల ఫోటోలకు తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి ఉందా? లేకపోతే అదో కొత్త తలనొప్పి.)

ఇక ఎత్తు. నేల నుంచి 15 అడుగులు దాటి ప్రకటనలు ఉండకూడదని 2020లో పురపాలక శాఖ జీవో 68 తెచ్చింది. మిణుకుమిణుకుమనే, కదిలే లైట్లనూ అదే జీవో నిషేధించింది. కాబట్టి మేడ మీది ఫ్రేముకు అనుమతి కోసం తిరగడం కంటే దింపించడమే మేలు. చట్టం సంగతి అలా ఉంచినా, గాలివానకు ఆ ఫ్రేము ఊడి గేటు దగ్గర ఎవరి మీదైనా పడి ప్రాణం పోతే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద నిర్లక్ష్యపు మరణం కేసు అవుతుంది. ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఆ టెన్షన్ మీకెందుకు?

మలుపులోని బోర్డుకు వాదనే లేదు, రేపే తీసేయండి. ఫుట్‌పాత్ మీ సొంతం కాదు. వీధికి అడ్డం వచ్చే కట్టడాలను సెక్షన్ 402 నిషేధిస్తుంది.

నోటీసులో డబ్బు అడిగితే ఏ పద్దు కింద అడిగారో చూడండి. జీఎస్టీ కోసం చేసిన 101వ రాజ్యాంగ సవరణ ప్రకటనల పన్ను వేసే అధికారమిచ్చిన రాష్ట్ర జాబితాలోని 55వ అంశాన్ని తీసేసింది. ‘పన్ను’ అని రాసి ఉంటే, ఏ అధికారంతో వేశారని రాతపూర్వకంగా అడగండి. అనుమతి ఫీజు, జరిమానా వేరే విషయాలు.

నోటీసులోని గడువు లోపే జవాబివ్వండి. మలుపు బోర్డు తీసేశామని, మేడ మీది బోర్డు దింపుతున్నామని, గేటు పక్క గోడకు లైట్లు లేని పేరు బోర్డు పెడుతున్నామని రాసి, కొలతలు కనిపించే ఫోటోలు, ఇంటి యజమాని సమ్మతి పత్రం జతచేయండి. ఇన్‌వార్డు స్టాంపు వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి. లైట్లు కావాల్సిందే అనుకుంటే 15 అడుగుల లోపు, నిలకడగా వెలిగే బోర్డుకు అనుమతి కోరుతూ విడిగా దరఖాస్తు చేయండి. జవాబు చూడకుండా కూల్చివేతకు వస్తే అప్పుడు హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఇప్పుడే వేస్తే ‘ముందు వివరణ ఇచ్చుకోండి’ అనే అవకాశమే ఎక్కువ.

కొత్త బోర్డు రాయించే ముందు విద్యాశాఖ ఇచ్చిన గుర్తింపు ఉత్తర్వు తీసి చూసుకోండి. అందులో ఉన్న పేరే బోర్డు మీద ఉండాలి. ఉత్తర్వులో లేని ‘టెక్నో’, ‘ఇంటర్నేషనల్’ లాంటి తోకలు తగిలిస్తే ఈసారి నోటీసు డీఈవో ఆఫీసు నుంచి వస్తుంది.