వాయిదాల మధ్య నలిగిపోతున్నాను, ప్రిపరేషన్ ఆపేయాలా?

ప్రశ్న: నేను 29 ఏళ్ల అమ్మాయిని. బీటెక్ చేసి మూడేళ్లు ప్రైవేట్ ఉద్యోగం చేశాను. 2022లో తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ రాగానే రిజైన్ చేసి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో చేరాను. రెండుసార్లు ప్రిలిమ్స్ రాస్తే రెండూ రద్దయ్యాయి. 2024లో ప్రిలిమ్స్ దాటాను గానీ మెయిన్స్‌లో రాలేదు. గ్రూప్-2 కూడా కొద్దిలో పోయింది. మళ్లీ నోటిఫికేషన్ కోసం చూస్తున్నాను. రాత్రి మూడింటి దాకా నిద్ర పట్టదు. రీడింగ్ రూమ్‌లో పాలిటీ పుస్తకం తెరిస్తే అరగంటయినా అదే పేజీ. నాకు క్రమశిక్షణ లేదేమో అనిపిస్తోంది. ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తబుద్ధి కాదు. చచ్చిపోవాలని లేదు గానీ, పొద్దున్న మెలకువ రాకపోతే బాగుండనిపిస్తుంది. మానేస్తే ఇన్నేళ్లూ వృథా. మానకపోతే పిచ్చెక్కేలా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఉద్యోగం, నోటిఫికేషన్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు 'పొద్దున్న మెలకువ రాకపోతే బాగుండు' అన్న మాట. దాన్ని మీరు మిగతా వాటి మధ్య కలిపి రాసేశారు గానీ, నేను మొదట పట్టించుకోవాల్సింది దాన్నే. ఈ వారంలోనే ఒక సైకియాట్రిస్టును కలవండి. ఈరోజే 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీమానస్ హెల్ప్‌లైన్. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. హాస్టల్‌లో మీరు నమ్మే ఒక్క అమ్మాయికైనా 'నాకు ఇలా ఉంది' అని చెప్పి ఉంచండి. ఆ ఆలోచన ఎప్పుడైనా ముదిరితే, ఎలా చనిపోవాలన్న దాకా వెళ్తే, ఒంటరిగా ఉండకుండా ఆమెను వెంటబెట్టుకుని దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లిపోండి. అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు.

సైకియాట్రిస్ట్ అనగానే చాలామంది బెదిరిపోతారు. మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరును జోకులకు వాడుకునే ఊళ్లో అది సహజమే. నిజానికి అక్కడ జరిగేది చాలా మామూలు విషయం. నిద్ర, ఆకలి, దిగులు ఎన్నాళ్లుగా ఎలా ఉన్నాయో అడుగుతారు. థైరాయిడ్, రక్తహీనత, బీ12 లోపం ఉన్నా ఇలాంటి నీరసం, మందకొడితనం వస్తాయి కాబట్టి రక్తపరీక్షలు రాయొచ్చు. రెండు వారాలకు మించి, రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉంటూ, దేనిమీదా మనసు పోక, నిద్రా ఏకాగ్రతా చెడిపోతే డిప్రెషన్ ఉందేమోనని చూస్తారు. మీకు ఉందో లేదో తేల్చాల్సింది డాక్టరే, నేను కాదు. మందులు రాస్తే అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి 'తేడా లేదు' అని మీ అంతట మీరే ఆపేయకండి.

నా దగ్గరికి వచ్చే ప్రభుత్వోద్యోగ అభ్యర్థులంతా గొంతు తగ్గించి ఒకటే అడుగుతారు: 'సార్, ఇది రికార్డుల్లో పడుతుందా? రేపు ఉద్యోగం వస్తే అడ్డమవుతుందా?' 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. అది మీ హక్కు. డిప్రెషన్‌కు మందులు వాడి ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఆఫీసుల్లో బోలెడంతమంది ఉన్నారు. వాళ్లు చెప్పుకోరు, మనకు తెలియదు, అంతే.

ఇక 'క్రమశిక్షణ లేదేమో' అన్న అనుమానం. అరగంటయినా పేజీ తిరగకపోవడం బద్ధకం కాదు. నిద్రలేని, దిగులు పట్టిన మెదడు అలాగే ఉంటుంది. పైగా మీరు ఈ మూడు నాలుగేళ్లలో దేని మధ్య చదివారో ఒకసారి వరసగా చూడండి. 2022 అక్టోబర్‌లో రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాస్తే సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఏకంగా పాత నోటిఫికేషన్‌నే వెనక్కి తీసుకుని, 503 పోస్టుల స్థానంలో 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. గ్రూప్-2 అయితే 2023 ఆగస్టు అన్నారు, నవంబర్ అన్నారు, 2024 జనవరి అన్నారు, ఆగస్టు అన్నారు, చివరికి డిసెంబర్‌లో పెట్టారు. ఒక ఇంట్లో పెళ్లి ముహూర్తం నాలుగుసార్లు మారిస్తే ఆ ఇంట్లోవాళ్ల పరిస్థితి ఏమిటి? మీరు ప్రతి తేదీకీ పూర్తిగా సిద్ధమయ్యారు. చివరి నెలలో నిద్ర తగ్గించుకున్నారు, రివిజన్ ముగించారు, వాయిదా అనగానే కూలబడ్డారు. మళ్లీ కొత్త తేదీ, మళ్లీ మొదటి నుంచి, ఈసారి మారిపోయిన కరెంట్ అఫైర్స్‌తో.

కష్టపడి చదవడం వల్ల మనుషులు ఇంతగా అరిగిపోరు. ఎప్పుడు ముగుస్తుందో తెలియని ఎదురుచూపే వాళ్లను అరగదీస్తుంది. ఇందులో మీ తప్పెంతో, మీది కానిదెంతో విడదీసి చూసుకోండి. మెయిన్స్‌లో ఆన్సర్ రైటింగ్ సరిపోలేదంటే అది మీ లెక్క. రద్దులు, వాయిదాలు మీ లెక్కలో వేసుకోకండి.

మీలాంటివాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో కౌన్సెలర్ ఉండాలంది. మంచిదే. కానీ కోచింగ్ ఎప్పుడో అయిపోయి, రీడింగ్ రూమ్ కుర్చీలో సొంతంగా చదువుకునే 29 ఏళ్ల మనిషి ఏ సంస్థ లెక్కలోనూ ఉండదు. ఎవరూ అటెండెన్స్ తీసుకోరు. నాలుగు రోజులు రాకపోతే 'ఏమైంది' అని అడిగేవాళ్లు లేరు, సీటు ఖాళీ అయిందని ఇంకొకరు బ్యాగ్ పెట్టుకుంటారు. అందుకే ఆ ఒక్క స్నేహితురాలి విషయం గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు మానాలా వద్దా? ఈ నెలలో మాత్రం తేల్చుకోవద్దు. ఇప్పుడున్న స్థితిలో మానేసినా బాధే, కొనసాగించినా బాధే అనిపిస్తుంది. చికిత్స మొదలై, నిద్ర దారిలో పడ్డాక, రెండు మూడు నెలలకు తేల్చుకోండి. అప్పటిదాకా చదివితే చదవండి, లేకపోతే లేదు. కొత్త నోటిఫికేషన్ రానంతవరకు మీకు పోయేదేమీ లేదు. టెలిగ్రామ్ గ్రూపుల్లో రోజుకో పుకారు వస్తుంది, వాటిలోంచి బయటికి రండి. నోటిఫికేషన్ నిజంగా వస్తే మీకు తెలియకుండా పోదు. మోటివేషన్ వీడియోల మీద నాకు పెద్దగా గౌరవం లేదు. రాత్రి రెండింటికి అవి చూస్తే మిగిలేది అపరాధభావమే. హాస్టల్ గదిలో మంచమే కుర్చీ, మంచమే బల్ల కదా, చదువును మంచం మీద నుంచి దించేయండి. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున్న ఒకే వేళకు లేవండి.

తేల్చుకునే రోజు వచ్చాక 'ఇన్నేళ్లూ వృథా' అన్న మాటను పక్కన పెట్టాలి. మానినా కొనసాగినా గడిచిన ఏళ్లు గడిచినట్టే. చూడాల్సింది మార్కులు. గ్రూప్-1 మెయిన్స్ 900 మార్కులకు, గ్రూప్-2 600 మార్కులకు. మీ కేటగిరీలో చివరగా ఎంపికైనవాళ్ల మార్కులకీ మీ మార్కులకీ తేడా ఎంత? ఏ పేపర్లో పోతోంది? ఒక్క పేపరే కిందికి లాగుతుంటే అది బాగుచేసుకోగలిగిన సంగతి. అన్ని పేపర్లలోనూ కాస్త కాస్త తగ్గుతుంటే మరో ఏడాది ఇదే పద్ధతిలో కూర్చోవడం వల్ల మార్పు రాదు.

తెలంగాణలో 2024లో వయోపరిమితిని 46కు పెంచారు. సివిల్స్‌లో జనరల్ అభ్యర్థికి 32 ఏళ్లు, ఆరు అటెంప్టులు దాటితే తలుపు మూసుకుంటుంది, మనిషి ఏడ్చి ఇంకో దారి చూసుకుంటాడు. ఇక్కడ తలుపు మూయరు. పెళ్లి, ఉద్యోగం, ఇల్లు అన్నీ 'ఈ ఒక్క నోటిఫికేషన్ అయ్యాక' అని ఆగిపోతాయి. కాబట్టి ముగింపు తేదీ మీరే పెట్టుకోవాలి. 'వచ్చే నోటిఫికేషన్ దాకా' అని కాదు, క్యాలెండర్‌లో ఒక నెల, ఒక సంవత్సరం. ఆ తేదీ ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి.

కొనసాగించినా సరే, ఖాళీగా కూర్చుని మాత్రం వద్దు. మీకు మూడేళ్ల అనుభవం ఉంది. గ్యాప్ గురించి ఇంటర్వ్యూలో అడుగుతారు, దాచొద్దు. 'గ్రూప్-1 మెయిన్స్ దాకా వెళ్లాను' అని సూటిగా చెప్పండి. పాత రంగంలోకి వెంటనే వెళ్లలేకపోతే టెస్ట్ సిరీస్‌లకు ప్రశ్నలు రాయడం, డిగ్రీ పిల్లలకు క్లాసులు చెప్పడం లాంటివి దొరుకుతాయి. నెలనెలా కొంత డబ్బు చేతికొస్తే ఇంటి నుంచి వచ్చే ఫోన్ అంత బరువుగా ఉండదు. బ్యాంకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ సంస్థ ముందే క్యాలెండర్ ఇస్తుంది, తేదీ కోసం ఇలా కాచుకోవాల్సిన పని తక్కువ. పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) ఉద్యోగానికి జనరల్‌లో 30 ఏళ్ల దాకానే అవకాశం, రిజర్వేషన్ ఉంటే సడలింపు ఉంటుంది. అయితే ఒత్తిడి తట్టుకోలేక ఒక పరీక్ష నుంచి ఇంకో పరీక్షలోకి దూకడం మాత్రం వద్దు. కాస్త కోలుకున్నాకే ఆ ఆలోచన.

ఇంటి ఫోన్ ఈ ఆదివారం మీరే చేయండి. పరీక్షల గురించి నాన్నగారు అడగకముందే చెప్పేయండి: 'నాన్నా, నాకు ఒంట్లో బాలేదు, నిద్ర పట్టట్లేదు, డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా. రెండు నెలలు రిజల్ట్ గురించి, సంబంధాల గురించి అడగకండి. తర్వాత నేనే కూర్చుని అన్నీ మాట్లాడతా.' ఆయన వెంటనే అర్థం చేసుకుంటారని నేను హామీ ఇవ్వలేను. అమ్మతో ముందు చెబితే తేలికనిపిస్తే అమ్మతోనే చెప్పండి.

మూడు నెలల తర్వాత రెండు పరీక్షల్లో పేపర్లవారీగా మీకొచ్చిన మార్కులు, కటాఫ్‌లు రాసి పంపండి. గ్రూప్స్‌కే ఇంకో అవకాశం ఇవ్వాలా, పాత రంగానికి తిరిగి వెళ్లాలా అన్నది అప్పుడు అంకెలు ముందు పెట్టుకుని చూద్దాం.