రోజుకు యాభై రూపాయలు మిగిలిస్తే ఏం కూడుతుంది?

కర్నూలులో చిన్న జీతగాడు రోజుకు 50 రూపాయలు మిగిలిస్తే ఏం కూడుతుందని అడిగారు. డబ్బాలో దాస్తే పెద్దగా ఏమీ కూడదు. అదే నెలకు 1,500 చొప్పున పోస్టాఫీసు ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లో) 6.7 శాతం వడ్డీకి కడితే, ఐదేళ్లకు మీ 90,000 సుమారు 1,07,000 అవుతుంది. అదే ఖాతాను ఇంకో ఐదేళ్లు పొడిగించి కడితే 2,56,000 దాకా వస్తుంది. అంటే మొదటి ఐదేళ్ల వడ్డీ 17 వేలు, తర్వాతి ఐదేళ్లది 59 వేలు. చాలామంది సరిగ్గా ఆ మధ్యలోనే తీసేసి బండి కొంటారు!

మరి ఆ 50 ఎక్కడిది? బొరుగులతో చేసే ఉగ్గాని, దాంతో బజ్జీ మానమని చెప్పను, ఆ పాపం నాకొద్దు. వారంలో నాలుగు రోజులు హోటలుకు పోకుండా బొరుగులు ఇంట్లోనే నానేసుకోండి, కొంత అక్కడే మిగులుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పుంటే మాత్రం ముందు అది తీర్చండి. అది ఏడాదికి 36 శాతం, ఏ ఆర్‌డీ దాన్ని అందుకోలేదు.