కాంటాక్ట్ లెన్సులు రోజంతా పెట్టుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 22 సంవత్సరాలు. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు ఆఫీసులో లెక్కలు చూస్తాను. రెండు కళ్లకూ మైనస్ 5 పవర్ ఉంది. సంబంధాలు చూస్తున్నందువల్ల కళ్లజోడు వద్దని ఇంట్లో అనడంతో ఏడాదిగా నెలవారీ సాఫ్ట్ లెన్సులు వాడుతున్నాను. ఉదయం 6 గంటలకు పెట్టుకుంటే రాత్రి 11 దాకా తీయను. ఒక్కోసారి వాటితోనే నిద్రపోతాను. కొన్ని వారాలుగా సాయంత్రమయ్యేసరికి కళ్లు ఎర్రబడి మండుతున్నాయి. మందుల షాపులో ఇచ్చిన చుక్కలతో తగ్గుతోంది. సొల్యూషన్ అయిపోయినప్పుడు ఫిల్టర్ నీళ్లలో లెన్సులు ఉంచుతున్నాను. దీనివల్ల ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: ప్రమాదమేనమ్మా. ఈ ఉత్తరం చదివిన వెంటనే లెన్సులు తీసి, కంటి డాక్టరు చూసేదాకా కళ్లజోడే వాడండి.

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియాకు రక్తనాళాలు ఉండవు కాబట్టి, దానికి కావలసిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం కన్నీటి పొర ద్వారా గాలి నుంచే అందుతుంది. లెన్సు ఆ దారికి కొంత అడ్డుపడుతుంది. నిద్రలో రెప్పలు కూడా మూసుకుంటే అందేది ఇంకా తగ్గిపోతుంది. ఇలా నెలల తరబడి సాగితే కార్నియా ఉబ్బుతుంది, పైపొర దెబ్బతింటుంది, అంచుల నుంచి సన్నని రక్తనాళాలు లోపలికి పాకుతాయి. అలా దెబ్బతిన్న చోట సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా చేరితే ఒకటి రెండు రోజుల్లోనే పుండు ముదిరి, మానిన తరువాత కూడా కంట్లో పువ్వు మిగిలి చూపు తగ్గిపోవచ్చు. లెన్సులతో నిద్రపోయేవారిలో ఈ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ.

మీరు రాసినవాటిలో నన్ను మరీ కలవరపెట్టింది నీళ్ల సంగతి. తాగడానికి పనికివచ్చే ఫిల్టర్ నీళ్లయినా, బోరు నీళ్లయినా లెన్సుకు పనికిరావు. నీటిలో ఉండే అకాంథమీబా అనే సూక్ష్మజీవి లెన్సు ద్వారా కార్నియాకు చేరితే, నెలల తరబడి వైద్యం చేసినా నయం కావడం కష్టం. మీ లెన్సు డబ్బా లోపలి అంచును వేలితో తడిమి చూడండి, జిగురుగా తగిలితే అది సూక్ష్మజీవులు కట్టుకున్న పొరే. పాత సొల్యూషన్‌లో కొత్తది కలపకుండా రోజూ పూర్తిగా మార్చాలి, డబ్బాను 3 నెలలకోసారి మార్చాలి.

షాపు చుక్కలు మానేయండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టు కనిపిస్తూనే లోపల ఇన్‌ఫెక్షన్ పెరుగుతుంది. మిల్లులో ఊకదుమ్ము పడే చోట లెన్సులు అసలే వద్దు; ఊక నలుసు గీరుకుంటే ఫంగస్ పుండ్లు కూడా రావచ్చు.

డాక్టరు పరీక్షించి సరేనన్నాక, రోజుకు 8 నుంచి 10 గంటలకు మించకుండా మళ్లీ వాడుకోవచ్చు. కళ్లజోడు ఉన్నంత మాత్రాన అమ్మాయికి తక్కువేమీ లేదని మీ పెద్దలకు నా మాటగా చెప్పండి.

నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, వీటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగకుండా నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రికి గానీ, హైదరాబాద్‌లోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రికి గానీ వెళ్లండి. వాడిన లెన్సులను, డబ్బాను పారేయకుండా వెంట తీసుకెళ్లండి. ఏ సూక్ష్మజీవి చేరిందో తెలుసుకోవడానికి ల్యాబ్‌లో వాటిని పరీక్షిస్తారు.