చిగుళ్ల నుంచి రక్తం.. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయా?

ప్రశ్న: నా వయసు 46. మాది పరకాల దగ్గర పల్లె. ఆరేళ్లుగా షుగర్ ఉంది. బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటున్న. పొద్దున వేపపుల్లతో పండ్లు తోముకుంట. నాలుగు నెలల నుంచి కింది ముందు పండ్ల దగ్గర రక్తం వస్తున్నది. అందుకే అక్కడ పుల్ల ఆనించుడు మానేసిన. నోరు వాసన వస్తున్నదని ఇంట్లో అంటున్నరు. క్లీనింగ్ చేయిస్తే పండ్లు వదులైతయని మావాళ్లు భయపెడుతున్నరు. ఏం చేయాలి?

సలహా: రక్తం వస్తున్నచోట తోమడం మానేశారు కదా, ముందు మార్చుకోవాల్సింది అదే. పంటికీ చిగురుకూ మధ్య సందులో పాచి నిలిచి చిగురు వాచింది. వాచిన చిగురు తాకితే చాలు, రక్తం వస్తుంది. తోమకపోతే పాచి ఇంకా పెరుగుతుంది. మెత్తటి బ్రష్‌తో అక్కడే శ్రద్ధగా తోమితే మొదట్లో నాలుగైదు రోజులు రక్తం కనిపించినా, సమస్య చిగురు వరకే ఉంటే రెండు వారాల్లో బాగా తగ్గుతుంది.

ఇక క్లీనింగ్ భయం. కింది ముందు పళ్ల లోపలివైపు నాలుకతో తడిమి చూడండి, గరుకుగా తగులుతుంది. అది గార. లాలాజల గ్రంథుల నాళాలు నాలుక కిందే తెరుచుకుంటాయి కాబట్టి, ఆ లాలాజలంలోని కాల్షియం అక్కడి పాచిని త్వరగా గట్టిపరుస్తుంది. పాచి బ్రష్‌కు పోతుంది గానీ గార పోదు. ఉప్పు, బొగ్గుపొడి వేసి రుద్దితే అరిగేది పన్నే. గార మీద కొత్త పాచి చేరి, వాపు లోపలికి దిగితే పంటిని పట్టి ఉంచే ఎముక కరుగుతుంది. అలాంటి పన్ను అప్పటికే వదులై ఉంటుంది, కాకపోతే పక్క పళ్లతో కలిపి సిమెంటు పూసినట్టు గార దాన్ని నిలబెడుతుంది. గార తీయగానే ఆ వదులు బయటపడుతుంది, నింద మాత్రం క్లీనింగ్ మీద పడుతుంది! తర్వాత కొన్ని రోజులు చల్లటి నీళ్లకు జివ్వుమనడం, సందులు కనిపించడం మామూలే.

మీకు షుగర్ ఉంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. షుగర్ ఎక్కువుంటే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, ఈ జబ్బు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోండి. ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్లు ఉబ్బి పెరుగుతాయి. ఆ సంగతి బీపీ డాక్టరుకు చెప్పండి, మాత్ర మాత్రం సొంతంగా మానొద్దు.

దంత వైద్యులు సన్నటి కొలపుల్లతో చిగురు లోతు చూస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు మామూలే. 5 దాటితే పైపై క్లీనింగ్ చాలదు, వేరు వరకు శుభ్రం చేయాల్సి వస్తుంది.

వేపపుల్ల తప్పు కాదు. నమిలి కుంచె చేసుకుంటే ముందు పళ్ల బయటివైపు బాగానే తోముతుంది, లోపలివైపుకు, దవడ పళ్ల సందులకు అందదు. పొద్దున పుల్ల వాడినా రాత్రి పడుకునే ముందు బ్రష్ తప్పనిసరి, నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి. బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీల వాలుగా ఆనించి, అక్కడక్కడే చిన్నగా కదిలిస్తూ రెండు నిమిషాలు తోమాలి. రంపం కోసినట్టు అడ్డంగా రాకితే చిగురు కిందికి జారుతుంది. బఠానీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. మూడు నెలలకోసారి బ్రష్ మార్చండి. సందుల్లో ఇరుక్కున్న మాంసం పీచుకు పిన్నీసు, అగ్గిపుల్ల వాడకుండా సందు బ్రష్ కొనుక్కోండి. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలి మందు డాక్టరు రాస్తేనే, రెండు వారాలకు మించకుండా వాడండి. ఎక్కువ రోజులైతే పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి.

బీడీ, తంబాకు అలవాటుంటే ఇంకో మోసం ఉంది. రక్తనాళాలు ముడుచుకుని రక్తం రావడం తగ్గుతుంది, లోపల ఎముక మాత్రం కరుగుతూనే ఉంటుంది.

తోమకుండానే రక్తం కారుతున్నా, ఒంటిమీద కమిలిన మచ్చలు, జ్వరం ఉన్నా ముందు రక్త పరీక్ష చేయించాలి.

క్లీనింగ్ రోజున టిఫిన్ తిని, షుగర్ మాత్ర వేసుకునే వెళ్లండి. మాత్ర వేసుకుని పరగడుపున కూర్చుంటే షుగర్ పడిపోవచ్చు. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా వెంట తీసుకెళ్లండి.