ఈయూలోకి కొత్త దేశాలను చేర్చుకోవడం లాభమా, నష్టమా? సోఫియాలో నేను చూసింది

ఉక్రెయిన్, మాల్డోవా లాంటి దేశాలను యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో చేర్చుకుంటే మంచిదేనా అని అడిగారు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. 2019లో ప్రాజెక్టు పని మీద బల్గేరియా రాజధాని సోఫియాలో ఆరు నెలలున్నాను. ఆ దేశం 2007లో చేరింది. చేర్చుకోవాలనే అంటాను, కానీ ఏం పోతుందో కూడా తెలుసుకుని.

వచ్చింది రోడ్డు మీదే కనబడుతుంది. మెట్రో దగ్గర, కొత్త రోడ్ల పక్కన నీలం జెండా, పన్నెండు నక్షత్రాలు, ఈయూ నిధులతో కట్టామని బోర్డు. పోయింది మా ఓనరమ్మ వంటింట్లో కనబడింది. కొడుకు జర్మనీలో, కూతురు స్పెయిన్‌లో. ఆదివారం సాయంత్రం ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి, వాళ్ల వీడియో కాల్ కోసం కూర్చునేది. మా బాపు దుబాయ్‌లో ఉన్నన్నాళ్లూ జగిత్యాల దగ్గర మా ఊళ్లో నానమ్మ కూడా అట్లాగే ఫోన్ పక్కన కూర్చునేది.

తేడా ఒకటుంది. బాపు అప్పు చేసి ఏజెంటుకు కట్టి పోయాడు; పాస్‌పోర్టు కూడా కంపెనీ దగ్గరే ఉండేది. ఓనరమ్మ కొడుకు వీసా లేకుండా బస్సెక్కి పోయాడు, నచ్చని పని మానేసి ఇంకోటి చూసుకున్నాడు. బల్గేరియా వాళ్లు వచ్చి పని చేసుకునే ఆ తలుపును జర్మనీ 2014 దాకా పూర్తిగా తెరవలేదు, అది వేరే సంగతి. "మా రోజుల్లో దేశం దాటనిచ్చేవాళ్లే కాదు" అని ఆమె ఫోన్‌లో అనువాదం పెట్టి చూపించింది. కానీ 1980ల చివర్లో 90 లక్షలకు దగ్గరగా ఉన్న జనాభా 2021 లెక్కలకు 65 లక్షలైంది. వలస ఈయూలో చేరకముందే మొదలైంది, పుట్టుకలూ తగ్గాయి. చేరినంత మాత్రాన ఆ తరుగు ఆగలేదు.

రెండో చిక్కు వీటో, అంటే ఒక్క దేశం కాదన్నా పని ఆగిపోవడం. కొత్తవాళ్లు రావాలంటే 27 దేశాలూ ఒప్పుకోవాలి. బల్గేరియా పక్కనున్న మాసిడోనియా 2005 నుంచి ఈయూలో చేరడానికి అభ్యర్థి. ఆ పేరు మీద గ్రీస్ అభ్యంతరం తీర్చడానికి 2019లో దేశం పేరే ఉత్తర మాసిడోనియాగా మార్చుకుంది. మరుసటి ఏడు చరిత్ర, భాష పేరుతో బల్గేరియా అడ్డం పడింది. "వాళ్లది భాష కాదు, మా భాషలో యాస" అని సోఫియా టీమ్‌లో ఒకాయన కాల్‌లో గట్టిగా వాదించాడు. మా యాసను వెక్కిరిస్తుంటే వింటూ పెరిగినవాణ్ని, నాకు ఆ మాట చివుక్కుమంది. ఆ దేశం ఇంకా గడప బయటే ఉంది.

చేరిక చర్చలు ఒక్కో విషయానికి ఒక్కో అధ్యాయంగా సాగుతాయి; ఒక్కో అధ్యాయం తెరవాలన్నా, మూయాలన్నా అందరూ ఒప్పుకోవాల్సిందే. ఆఖరి చేరికకు ఆ నియమం ఉంచి, మధ్య మెట్లకు తీసేస్తే చాలావరకు నయం. చేరాక వచ్చే నిధుల్లోనూ మెట్రోలకిచ్చినంత శ్రద్ధ, పిల్లలు ఊళ్లోనే బతకగలిగే పనుల మీద పెట్టాలి.