ఫోన్ క్యాలెండర్‌లో పాత అపాయింట్‌మెంట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్, అమ్మకి మోకాలి నొప్పి మొదలైనప్పట్నుంచీ డాక్టర్ దగ్గరికి ఎప్పుడెప్పుడు వెళ్లామో నాలుగేళ్లుగా ఫోన్ క్యాలెండర్‌లోనే పెట్టుకుంటూ వస్తున్నా. రెండు నెలల కిందట ఫోన్ మార్చి ఐఫోన్ తీసుకున్నాం. మొన్న కొత్త డాక్టర్ గారు మొదటి ఎక్స్‌రే ఎప్పుడు తీశారమ్మా అని అడిగితే సరే చూసి చెప్తానని క్యాలెండర్ తీశా, తీరా చూస్తే నెల రోజుల కిందటి వరకే ఉన్నాయి, అంతకు ముందంతా ఖాళీ. నాలుగేళ్లవీ పోయినట్టేనా?

జవాబు: పోలేదమ్మా, నూటికి తొంభై పాళ్లు ఎక్కడో భద్రంగానే ఉండుంటాయి. ముందు ఒక మాట, కంగారులో అకౌంట్ తీసేసి మళ్లీ పెట్టడం, ఫోన్ రీసెట్ కొట్టడం ఇవేవీ చెయ్యకండి. పాత ఫోన్ ఇంట్లోనే ఉంటే దాన్ని ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి, అందులో ఉన్నది తుడిచెయ్యకండి. ఎందుకో చివర్లో చెప్తా.

మీరు చెప్పినదాంట్లో "నెల రోజుల కిందటి వరకే" అన్న ముక్క నాకు చాలా ఉపయోగపడింది. మొత్తం పోయినా, అక్కడక్కడా పోయినా వేరే కారణం వెతకాలి, కానీ గీత గీసినట్టు ఒక తేదీ దగ్గర ఆగిపోయిందంటే అది సింక్ సెట్టింగ్, అంటే అకౌంట్‌లో ఉన్న ఎంట్రీల్లో ఎన్నాళ్లవి ఫోన్‌లోకి తెచ్చుకోవాలో చెప్పే సెట్టింగ్. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి యాప్స్, అందులో క్యాలెండర్ తియ్యండి (ఐఓఎస్ 18 కంటే పాతదైతే సెట్టింగ్స్‌లో నేరుగానే క్యాలెండర్ కనిపిస్తుంది). అక్కడ సింక్ అని ఒక వరస ఉంటుంది. అది నొక్కితే రెండు వారాల వెనక్కి, నెల వెనక్కి, 3 నెలలు, 6 నెలలు, ఆఖర్న ఆల్ ఈవెంట్స్ అని ఉంటాయి. మీది నెల మీద ఉండుంటుంది. ఆల్ ఈవెంట్స్ మీద పెట్టి, వైఫై ఆన్‌లో ఉంచి, క్యాలెండర్ యాప్ తెరిచి కాసేపు అలా వదిలెయ్యండి. నాలుగేళ్లవి దిగాలి కదా, వెంటనే రాలేదని మళ్లీ మార్చకండి.

అప్పటికీ రాకపోతే కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి, పాత ఫోన్‌లో వాడిన అకౌంట్‌తోనే గూగుల్ క్యాలెండర్‌లోకి లాగిన్ అయ్యి ఆ సంవత్సరం ఆ నెలకి వెళ్లి చూడండి. ఎవరు ఏ ఫోన్ గురించి అడిగినా నేను ముందు చెయ్యమనే పని ఇదే, ఎందుకంటే అక్కడ కనిపించిందంటే ఎంట్రీ క్షేమం, ఫోన్‌లో చూపించకపోవడమే సమస్య, దాన్ని నిదానంగా సరిచేసుకోవచ్చు. అక్కడా లేదంటే అప్పుడు రెండు దారులు. ఒకటి, మీకు రెండో మెయిల్ అకౌంట్ ఏదైనా ఉండి అందులో సేవ్ అయ్యుండాలి. రెండోది కొంచెం ఇబ్బంది, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎంట్రీ పెట్టేటప్పుడు ఏ అకౌంట్‌కీ చెందకుండా ఉత్తి ఫోన్‌లో మాత్రమే సేవ్ అయ్యే క్యాలెండర్ ఒకటి ఉంటుంది, అందులో పెట్టినవి ఇంటర్నెట్‌కి వెళ్లవు, కొత్త ఫోన్‌లో అదే అకౌంట్ పెట్టుకున్నా రావు, ఆ పాత ఫోన్‌లోనే ఉంటాయి. పాత ఫోన్ ఎవరికీ ఇవ్వొద్దన్నది ఇందుకే. దాన్ని ఛార్జింగ్ పెట్టి ఆన్ చేసి ఒక పాత ఎంట్రీ తెరిచి చూడండి, ఎంట్రీ వివరాల్లో అది ఏ క్యాలెండర్‌దో రాసి ఉంటుంది, మెయిల్ అడ్రస్ ఉందా లేక ఫోన్ అనో డివైస్ అనో ఉందా అన్నది చూస్తే తేలిపోతుంది. ఫోన్‌లోనివే అయితే డాక్టర్ గారికి కావాల్సిన తేదీల వరకు ముందు కాగితం మీద రాసేసుకోండి, మిగతా ఏర్పాట్లు తర్వాత.

ప్రశ్న: నమస్తే అండి. నా ఫోన్‌లో పాత ఎంట్రీలు ఉన్నాయి, వెనక్కి జరుపుకుంటూ పోతే కళ్లకి కనిపిస్తున్నాయి కూడా. కానీ సెర్చ్‌లో టైప్ చేస్తే మాత్రం రావట్లేదు. పంటి డాక్టర్‌వి కనీసం పది ఉండాలి, రెండే చూపిస్తోంది. సెర్చ్ పాడైందా?

జవాబు: సెర్చ్ బాగానే ఉందండీ, అది అక్షరాల్నే చూస్తుంది, అర్థాన్ని కాదు. మీరు ఒకసారి తెలుగులో "పంటి డాక్టర్" అని, ఇంకోసారి ఇంగ్లీషు అక్షరాల్లో డెంటిస్ట్ అని, మరోసారి తొందర్లో డాక్టర్ గారి పేరు ఒక్కటే రాసి వదిలేసి ఉంటారు, ఇంకోసారి ఉత్తి "పళ్లు" అని. మనకి అవన్నీ ఒకటే, ఫోన్‌కి నాలుగూ వేరు. కాబట్టి ఒక్క పొడుగు వాక్యంతో వెతక్కుండా ఒక్కొక్క మాటతో వెతకండి, తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు లిపిలో ఒకసారి, డాక్టర్ పేరుతో ఒకసారి, ఆస్పత్రి పేరుతో ఒకసారి. పేరు స్పెల్లింగ్ మీరు అప్పట్లో వేరేగా రాశారేమో అదీ ప్రయత్నించండి. ఐఫోన్ క్యాలెండర్ సెర్చ్ అయితే టైటిల్‌తో పాటు ప్లేస్, నోట్స్, ఇన్వైట్ చేసినవాళ్ల పేర్లు కూడా చూస్తుంది, అందుకని టైటిల్ గుర్తు లేకపోయినా ఎవరితో వెళ్లారో గుర్తుంటే దొరికే అవకాశం ఉంది.

ఇంకోటి చూడాలి, మీకు ఒకటి కంటే ఎక్కువ క్యాలెండర్లు ఉంటే వాటిల్లో కొన్నింటికి టిక్ తీసేసి ఉండొచ్చు, ఎప్పుడో స్క్రీన్ నిండిపోతోందని తీసేసి మర్చిపోతాం. గూగుల్ క్యాలెండర్‌లో పైన మూడు గీతలు, ఐఫోన్‌లో క్యాలెండర్స్ లిస్ట్, అందులో అన్నింటికీ టిక్ పెట్టి అప్పుడు వెతకండి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో ఆ క్యాలెండర్ పేరు నొక్కితే సింక్ అనే బటన్ కూడా ఉంటుంది, అది ఆఫ్‌లో ఉంటే టిక్ పెట్టడానికి అసలు పేరే సరిగ్గా కనిపించదు.

నిజంగా పాతవి, నాలుగైదేళ్ల నాటివి కావాలంటే మాత్రం ఫోన్‌తో కుస్తీ పట్టకండి. కంప్యూటర్‌లో గూగుల్ క్యాలెండర్ తెరిచి పైన భూతద్దం నొక్కితే సెర్చ్ పెట్టె వస్తుంది, దాని చివర చిన్న బాణం ఉంటుంది, చాలామంది దాన్ని ఎప్పుడూ నొక్కి ఉండరు. అది నొక్కితే ఏ మాట ఉండాలి, ఎవరు ఉండాలి, ఏ ప్లేస్, ఏ మాట ఉండకూడదు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ క్యాలెండర్‌లో అని అన్నీ విడివిడిగా ఇవ్వొచ్చు. డాక్టర్ అని కొడితే రెండొందలు వచ్చిపడే వాళ్లకి ఈ తేదీల పెట్టెలే ప్రాణం. 2019 జనవరి నుంచి 2019 జూన్ వరకు అని ఇచ్చి, మాట ఏమీ గుర్తు లేకపోతే ప్లేస్‌తో ప్రయత్నించండి.

ప్రశ్న: మేడమ్, పొరపాటైపోయింది. ప్రతి మంగళవారం వచ్చే ఒక క్లాస్‌ని రెండేళ్ల కిందట రిపీట్ పెట్టాను. క్లాస్ ఆగిపోయింది కదా అని నిన్న డిలీట్ చేశాను. ఇప్పుడు చూస్తే ఈ రెండేళ్లలో వెళ్లినవి కూడా ఒక్కటీ లేవు! ఏ వారం వెళ్లానో, ఏ వారం మానేశానో అందులోనే నోట్స్ రాసుకున్నా. నాకు ఆ తేదీలు కావాలి.

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే నాకు గుండె కలుక్కుమంది, ఎందుకంటే ఇదే నాకూ జరిగింది. మా నాన్నగారి ఫిజియోథెరపీ వారానికి మూడుసార్లు, రిపీట్ పెట్టి ఏ రోజు ఎన్ని నిమిషాలు నడిచారో నోట్స్‌లో రాసేదాన్ని. అయిపోయాక తీసేద్దామని నొక్కితే అడిగింది, ఈ ఒక్కటేనా, ఇదీ దీని తర్వాతవా, అన్నీనా అని. నేను "అన్నీ" అన్నాను. అన్నీ అంటే ఇక ముందు వచ్చేవన్నీ అనుకున్నాను, అది వెనకటివి కూడా కలిపి తీసేసింది. రెండు నెలల తర్వాత గమనించాను, అప్పటికి ఏమీ చెయ్యడానికి లేదు. ఆయన కర్ర లేకుండా మొదటిసారి వరండా చివరిదాకా నడిచిన రోజు అందులో ఉంది.

మీరు నిన్ననే చేశారు కాబట్టి మీకు దారి ఉంది, ఈ రోజే చెయ్యండి. గూగుల్ క్యాలెండర్ అయితే కంప్యూటర్‌లో తెరిచి, పైన గేర్ గుర్తు నొక్కితే ట్రాష్ అని వస్తుంది, కొన్ని చోట్ల బిన్ అని ఉంటుంది. డిలీట్ చేసినవి దాదాపు 30 రోజులు అక్కడ ఉంటాయి, ఆ తర్వాత శాశ్వతంగా పోతాయి. మీ క్లాస్ పేరు పక్కన వెనక్కి తిరిగిన బాణం గుర్తు నొక్కితే వెనక్కి వచ్చేస్తుంది. క్యాలెండర్లు రెండు మూడు ఉంటే ఒక్కోదానికి ట్రాష్ వేరుగా ఉంటుంది, ఎడమవైపు పేరు మార్చి చూడండి.

ఐక్లౌడ్ క్యాలెండర్ (ఐఫోన్ వాళ్ల ఆపిల్ అకౌంట్‌లోది) అయితే పద్ధతి వేరు, కొంచెం ఆలోచించి చెయ్యాలి. ఐక్లౌడ్ సైట్‌లో డేటా రికవరీ అని ఉంటుంది, అందులో క్యాలెండర్లు రిస్టోర్ చెయ్యొచ్చు, కానీ అది ఒక్క ఎంట్రీని తేదు, మొత్తం క్యాలెండర్‌ని ఆ పాత తేదీ నాటి స్థితికి మార్చేస్తుంది. ఆ తేదీ తర్వాత మీరు కొత్తగా పెట్టుకున్నవి ఇప్పటి క్యాలెండర్‌లోంచి పోతాయి, ఎవరితోనైనా షేర్ చేసి ఉంటే ఆ షేరింగ్ కూడా పోతుంది, మీరు ఇన్వైట్ చేసినవాళ్లకి మళ్లీ ఇన్విటేషన్లు వెళ్లొచ్చు. అందుకని ముందు ఈ మధ్య పెట్టినవి ఫొటో తీసి పెట్టుకుని అప్పుడు రిస్టోర్ నొక్కండి.

ఎంట్రీలు వెనక్కి వచ్చాక, ఆగిపోయిన క్లాస్‌ని ఎలా తీసెయ్యాలంటే, ఇక ముందు రాబోయే మంగళవారం ఎంట్రీ తెరిచి "ఇదీ దీని తర్వాతవీ" అన్నది ఎంచుకోండి. వెనకటివి కదలవు. టైటిల్ మార్చేటప్పుడూ ఇదే జాగ్రత్త, "అన్నీ" అని మారిస్తే రెండేళ్ల కిందటి ఎంట్రీల పేరు కూడా మారిపోతుంది, అప్పుడు పాత పేరుతో సెర్చ్ చేస్తే దొరకవు.

ప్రశ్న: అపాయింట్‌మెంట్లు కాదు, రిమైండర్లు పెట్టేవాణ్ణి గూగుల్ క్యాలెండర్‌లో. ఎక్కడికి పోయాయి?

జవాబు: 2023లో గూగుల్ ఆ రిమైండర్లని టాస్క్స్‌కి మార్చేసింది. గూగుల్ టాస్క్స్ యాప్ వేసుకుని అదే అకౌంట్‌తో తెరవండి, పూర్తి చేసినవి లిస్ట్ కింద కంప్లీటెడ్ అన్న చోట ఉంటాయి.

ప్రశ్న: ఉద్యోగం మారబోతున్నానండి. ఆఫీస్ అకౌంట్ క్యాలెండర్‌లోనే నా సొంత అపాయింట్‌మెంట్లు కూడా ఐదేళ్లుగా పెట్టేశా. అకౌంట్ తీసేస్తే అన్నీ పోతాయి కదా, ముందుగా దాచుకునే మార్గం ఉందా?

జవాబు: ముందే అడిగారు, చాలా మంచి పని చేశారు, ఎందుకంటే ఆఖరి రోజు సాయంత్రం అకౌంట్ మూసేశాక ఈ ప్రశ్న అడిగేవాళ్లకి నేను ఏమీ చెప్పలేను.

కంప్యూటర్‌లో గూగుల్ క్యాలెండర్ సెట్టింగ్స్‌లో ఇంపోర్ట్ అండ్ ఎక్స్‌పోర్ట్ అని ఉంటుంది, ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఒక జిప్ ఫైల్ వస్తుంది, విప్పితే ఒక్కో క్యాలెండర్‌కి ఒక్కో ఐసీఎస్ ఫైల్. ఫోన్ యాప్‌లో ఇది లేదు, కంప్యూటర్‌లోనే. అయితే ఆ ఫైల్‌లో ఆఫీస్ మీటింగులు కూడా ఉంటాయి కాబట్టి బయటికి తీసుకెళ్లే ముందు ఆఫీస్‌లో అడగండి, ఒప్పుకోకపోతే మీ సొంతవి మాత్రం ఒక్కొక్కటిగా మీ అకౌంట్‌లో రాసుకోండి, ఐదేళ్లవైనా ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతాయి. ఒప్పుకుంటే ఆ ఫైల్‌ని మీ సొంత అకౌంట్‌లో ఇంపోర్ట్ చేస్కోండి, కానీ నేరుగా అసలు క్యాలెండర్‌లోకి పొయ్యకుండా "పాతవి" అని ఒక కొత్త క్యాలెండర్ తయారుచేసి అందులోకి ఇంపోర్ట్ చెయ్యండి, ఏదైనా తేడా వస్తే ఆ ఒక్కటి తీసేస్తే సరిపోతుంది.

ఐసీఎస్ అనేది 1998 నుంచీ ఉన్న ఉమ్మడి పద్ధతి, ఏ కంపెనీ క్యాలెండర్ అయినా దాదాపుగా చదువుతుంది. ఇంకో మంచి సంగతి, అది ఉత్తి అక్షరాల ఫైల్. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవొచ్చు, సమ్మరీ అన్న వరసలో టైటిల్, డీటీస్టార్ట్ అన్న వరసలో తేదీ ఉంటాయి, తేదీ మధ్యలో గీతలు లేకుండా 20190314 అని కలిపి ఉంటుంది, అంటే 2019 మార్చి 14. టైమ్ చివర ఇంగ్లీషు జెడ్ అక్షరం ఉంటే అది మన టైమ్ కాదు, యూటీసీ టైమ్, అంటే ప్రపంచమంతా ఉమ్మడిగా లెక్కకి వాడే టైమ్, దాన్ని మన టైమ్‌కి మార్చి లెక్క కట్టుకోవాలి. రిపీట్ పెట్టినవి మాత్రం ఆ ఫైల్‌లో ప్రతి వారం రాసి ఉండవు, మొదటి తేదీ ఒకటి, ఎన్నాళ్లకోసారి రావాలో ఒక వరస, అంతే. ఫలానా తేదీ ఫైల్‌లో కనిపించలేదని భయపడకండి, ఇంపోర్ట్ చేస్తే క్యాలెండరే లెక్కేసి చూపిస్తుంది.

ఇకమీదట కొత్తగా పెట్టేటప్పుడు సేవ్ నొక్కే ముందు ఏ అకౌంట్‌లోకి వెళ్తోందో ఒకసారి చూడండి, టైటిల్ దగ్గర్లోనే రాసి ఉంటుంది. టైటిల్‌లో ఎవరికి, ఏ డాక్టర్, ఎందుకు అన్న మూడూ ఉంటే చాలు, "అమ్మ, కంటి డాక్టర్, ఆపరేషన్ తర్వాత మొదటి చెకప్" అని. వచ్చాక డాక్టర్ ఏం చెప్పారో నోట్స్‌లో రెండు ముక్కలు అదే రోజు రాసెయ్యండి.