పెట్టె మీద లక్ష ల్యూమెన్లు, లోపల ఒక్క సెల్లు: టార్చి అమ్మినవారిని నిలదీయవచ్చా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఒక చార్జింగు టార్చిలైటు కొన్నాను. ప్రకటనలోనూ పెట్టె మీదా 'లక్ష ల్యూమెన్లు, 2 కిలోమీటర్ల దూరం, ఒక్క చార్జింగుతో 10 గంటలు' అని ఉంది. లోపల ఉన్నది 21700 రకం సెల్లు ఒక్కటే, దాని మీద 5,000 ఎంఏహెచ్, 3.6 వోల్టులు అని రాసి ఉంది. నా మిత్రుడి దగ్గర 3,000 ల్యూమెన్ల టార్చి ఉంది. రెండూ పక్కపక్కన వెలిగిస్తే అతనిదే ఎక్కువ వెలుగు ఇస్తోంది, కాకపోతే అది కూడా కొద్ది నిమిషాల్లో తగ్గిపోతోంది. నాది చార్జింగులో బాగా వేడెక్కుతోంది. 6వ రోజున వాపసు తీసుకోమని మెయిల్ పెడితే, 10వ రోజున 'ఆ అంకె ఎల్‌ఈడీ సామర్థ్యానిది, పైగా 7 రోజుల గడువు దాటింది' అని జవాబిచ్చారు. రెండు టార్చీలను పోల్చి వీడియో పెడతానంటే పరువు నష్టం కేసు వేస్తామంటున్నారు. నాకు చట్టం ఏమైనా సహాయం చేస్తుందా? అసలు ఇలాంటి టార్చి ఉంచుకోవడానికి లైసెన్సు కావాలా?

జవాబు: సహాయం చేస్తుంది. అయితే మీ ఫిర్యాదును మీరు ఆనించిన చోటు సరైనది కాదు. మిత్రుడి టార్చితో పోల్చి చూశాను, నాది మసకగా ఉంది అన్న మాట మీద కేసు నిలబెట్టాలనుకుంటే ఎదుటి వకీలు దాన్ని సులువుగా కదిలించగలరు. మీకున్న అసలు బలం ఆ సెల్లు మీద ముద్రించి ఉన్న రెండు అంకెల్లో ఉంది.

కన్ను వెలుతురును తక్కెడలా తూచదు. వెలుగు రెండింతలైనా కంటికి కొంచెమే పెరిగినట్టు అనిపిస్తుంది. పైగా ల్యూమెన్ అనేది టార్చి నుంచి అన్ని వైపులకూ వెలువడే మొత్తం వెలుగుకు కొలత, ఒక దిక్కున ఆ వెలుగు ఎంత తీవ్రంగా పోతుందో చెప్పేది క్యాండెలా. సన్నని ఫోకస్ ఉన్న టార్చి తక్కువ ల్యూమెన్లతోనే గోడ మీద కళ్లు చెదిరే మచ్చ వేస్తుంది, వెడల్పుగా పరుచుకునే టార్చి ఎక్కువ ల్యూమెన్లు ఇచ్చి కూడా వెలవెలబోయినట్టు కనబడుతుంది. అందుకని గోడ మీద పోల్చకండి. చిన్న గదిలో తలుపులు మూసి, రెండు టార్చీలనూ ఒకదాని తరువాత ఒకటి ఒకే చోట నిలబెట్టి, వెలుగు పైకప్పుకు తగిలి గదంతా పరుచుకునేలా ఉంచి, నేల మీద ఒకే స్థానంలో లక్స్ మీటరు (ఒక చోట పడే వెలుగును లక్స్‌లలో కొలిచే సాధనం) పెట్టి రీడింగు తీసుకోండి. మిత్రుడి టార్చికి 120, మీదానికి 40 వచ్చిందనుకుందాం. అతని పెట్టె మీది 3,000 నిజమైతే మీది సుమారు 1,000 ల్యూమెన్లని అంచనా వేయవచ్చు. ఇది తుది సాక్ష్యం కాదు. కానీ వస్తువును ప్రయోగశాలకు పంపించమని వినియోగదారుల కమిషన్‌ను అడగడానికి ఇంతకన్నా మంచి ఆధారం ఇంట్లో దొరకదు.

ఇప్పుడు సెల్లు సంగతికి వద్దాం. 5,000 ఎంఏహెచ్ అంటే 5 ఆంపియర్ అవర్లు, దాన్ని 3.6తో గుణిస్తే 18 వాట్ అవర్లు. ఆ టార్చి వెలగడానికి ఉన్న ఆస్తి అంతా ఇంతే. ఒక వాటు శక్తి నుంచి భౌతికశాస్త్రం అనుమతించే గరిష్ఠ వెలుగు 683 ల్యూమెన్లు, అది కూడా శక్తిలో రవ్వంత వృథా కాకుండా మొత్తం ఒకే ఆకుపచ్చని రంగు కాంతిగా మారితేనే. 18 వాట్ అవర్లను 10 గంటలకు పంచితే 1.8 వాట్లు వస్తాయి, కాబట్టి 10 గంటల పాటు నిలకడగా 1,229 ల్యూమెన్లను మించి ఏ టార్చీ ఇవ్వలేదు. తెల్లని ఎల్‌ఈడీ వాటుకు 150 ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే ఆ అంకె 270కి పడిపోతుంది. '10 గంటలు అన్నది తక్కువ వెలుగు మోడ్‌కు' అని వారు తప్పించుకోవచ్చు, అలాగైతే ఆ విషయం ఆ అంకె పక్కనే రాసి ఉండాలి. పోనీ, లక్ష ల్యూమెన్లు ఒక్క క్షణమైనా వస్తాయా? అదే లెక్కన అందుకు 667 వాట్లు కావాలి, అంటే ఆ ఒక్క సెల్లు నుంచి 185 ఆంపియర్ల కరెంటు లాగాలి. చేతిలో పట్టుకునే టార్చిలోని ఏ 21700 సెల్లూ అంత ఇవ్వలేదు. ఈ లెక్కను ఒక కాగితం మీద రాసి, సెల్లు లేబులు ఫొటోతో కలిపి ఫిర్యాదుకు జతచేయండి. దీన్ని కాదనాలంటే అమ్మినవారు తమ లేబులునే కాదనాలి.

దూరం మాటకు కూడా ఇలాంటి లెక్కే ఉంది. టార్చీల కొలతలకు 2009లో అమెరికాలో వచ్చి, ఆ తరువాత సవరణలు పొందిన ఎఫ్‌ఎల్ 1 అనే ప్రమాణాన్ని పేరున్న తయారీదారులు చాలామంది పాటిస్తారు. దాని ప్రకారం వెలుగు 0.25 లక్స్‌కు తగ్గే చోటు వరకు 'దూరం'గా లెక్కిస్తారు. 0.25 లక్స్ అంటే దాదాపు నిండు పున్నమి వెన్నెలంత. 2 కిలోమీటర్లు రావాలంటే 10 లక్షల క్యాండెలా ఉండాలి. ఆ అంకె నిజమైనా సరే, 2 కిలోమీటర్ల అవతల మనిషి ముఖం గుర్తుపట్టవచ్చని దాని అర్థం కాదు.

మీ మిత్రుడి టార్చి కొద్ది నిమిషాల్లో తగ్గిపోవడాన్ని మీ కేసులోకి తేవద్దు, అతన్ని కూడా ఫిర్యాదు చేయమని ప్రోత్సహించవద్దు. ఆ ప్రమాణంలో ల్యూమెన్లను వెలిగించిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపల కొలుస్తారు, వెలుగు మొదటి విలువలో 10 శాతానికి పడిపోయే వరకు పట్టే సమయాన్ని 'రన్‌టైం' అంటారు. వేడి పెరగగానే టార్చి తనంతట తాను వెలుగు తగ్గించుకోవడం రక్షణ ఏర్పాటే గాని లోపం కాదు. ఎఫ్‌ఎల్ 1 పాటించి తీరాలని మన చట్టం శాసించదు, అయినా పెట్టె మీద ఆ గుర్తు వేసుకున్నవారు దాని ప్రకారం జవాబు చెప్పుకోవలసిందే.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) ప్రకారం వస్తువుకు లేని ప్రమాణమో నాణ్యతో ఉన్నట్టు చెప్పడం అనుచిత వ్యాపార పద్ధతి, సెక్షన్ 2(28) ప్రకారం అలాంటి ప్రకటన తప్పుదోవ పట్టించే ప్రకటన. అమ్మినవారు ఇచ్చిన వివరణకు వస్తువు సరిపోలి తీరాలన్న షరతును వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 15 వివరణను బట్టి జరిగే ప్రతి అమ్మకంలోనూ ఉన్నట్టే భావిస్తుంది. 'ఎల్‌ఈడీ సామర్థ్యం' అన్న వాదన ఇక్కడ నిలవదని నా అభిప్రాయం, ఎందుకంటే మీరు కొన్నది ఎల్‌ఈడీ కాదు, టార్చి. ఆ అంకె టార్చి పెట్టె మీద ఉంది. 'ప్రపంచంలోకెల్లా వెలుగైనది' అంటే అది వ్యాపారి గొప్పలు చెప్పుకోవడమని న్యాయస్థానాలు ఊరుకోవచ్చు. లక్ష అని అంకె వేసి చెప్పినప్పుడు అది కొలిచి తేల్చగలిగే వాస్తవ కథనం. ప్రకటనలోని నిర్దిష్టమైన హామీ ఉత్త గొప్ప కాదని ఇంగ్లండ్ అప్పీలు కోర్టు 1892లోనే, కార్లిల్ అనే మహిళ ఒక మందు కంపెనీ ప్రకటన మీద వేసిన కేసులో చెప్పింది, ఆ తీర్పును మనం ఇప్పటికీ లా కళాశాలల్లో మొదటి సంవత్సరంలోనే చదువుకుంటాం.

గడువు దాటిందన్న మాటకు మీ 6వ రోజు మెయిలే సమాధానం. గడువు లోపల అడిగి, వారు ఆలస్యంగా జవాబిస్తే ఆ ఆలస్యం మీ నెత్తిన పడదు. అంతేకాక, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని గాని డబ్బు తిరిగి ఇవ్వనని గాని అమ్మకందారు అనకూడదని ఈ-కామర్స్ నియమాలు, 2020లోని 6వ నియమం స్పష్టంగా చెబుతోంది. అవే నియమాల కింద అమ్మకపు వేదికకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ముందుగా ఆయనకు రాయండి. ఆ తరువాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. అప్పటికీ పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీరు నివసించే చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు, చెల్లించిన ధర 5 లక్షల రూపాయలకు మించకపోతే రుసుము లేదు, కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాల లోపు వేయాలి. వస్తువును తగిన ప్రయోగశాలలో పరీక్షించనిదే లోపం తేలదని కమిషన్ భావిస్తే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద నమూనాను సీలు వేసి పంపుతుంది, ఆ ఖర్చును మొదట మీరే జమ చేయవలసి ఉంటుంది. అమ్మకందారునూ అమ్మకపు వేదికనూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా ఉన్నాయేమో చూడండి, అవి లేకపోతే అదే మరో ఉల్లంఘన.

ప్రకటన పేజీ రేపటికల్లా మారిపోవచ్చు. తేదీ, సమయం, వెబ్ చిరునామా కనబడేలా దాన్ని ఈ రోజే స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి, కమిషన్‌లో వేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వవలసిన ధ్రువపత్రం జతచేయండి.

వేడెక్కడం గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఆందోళన కలిగించింది అదే. దయచేసి ఆ సెల్లును ఇక చార్జింగు పెట్టకండి. చేత్తో వాడే పరికరాల్లోని లిథియం సెల్లులకు మన దేశంలో ఐఎస్ 16046 ప్రమాణం కింద తప్పనిసరి నమోదు ఉంది, సెల్లు మీద ప్రామాణిక గుర్తూ 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యా ఉండాలి. అవి లేకపోతే ఆ సంగతి ఫిర్యాదులో ప్రత్యేకంగా రాయండి, అప్పుడు అది కేవలం మసక టార్చి కేసుగా ఉండదు. దానివల్ల ఎవరికైనా గాయమో ఆస్తి నష్టమో జరిగితే ఉత్పత్తి బాధ్యత కింద వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 84 ప్రకారం తయారీదారు పరిహారం ఇవ్వాలి, తయారీదారు ఎవరో తెలియకపోతే సెక్షన్ 86 కింద ఆ బాధ్యత అమ్మకందారు మీదికి వస్తుంది. అయితే వస్తువును మీరు మార్చారనో దుర్వినియోగం చేశారనో చూపగలిగితే సెక్షన్ 87 కింద అమ్మకందారు బయటపడతాడు. అందువల్ల ఆసక్తి కొద్దీ టార్చిని విప్పడం, వేరే సెల్లు వేసి చూడడం, తీగలు అతకడం మానుకోండి. ఉన్నది ఉన్నట్టే, మండే వస్తువులకు దూరంగా భద్రపరచండి.

వీడియో విషయంలో బెదిరిపోనక్కరలేదు, కానీ మాట అదుపులో ఉండాలి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 పరువు నష్టాన్ని నేరంగా చెబుతూనే, ప్రజల మేలు కోసం చెప్పిన సత్యాన్ని మినహాయించింది, ఇతరుల ప్రయోజనం కాపాడటానికి సద్భావంతో చెప్పిన మాటను కూడా మినహాయించింది. 'ఈ గదిలో, ఈ మీటరుతో, ఇంత దూరాన నాకు ఈ రీడింగు వచ్చింది, పెట్టె మీద ఇలా ఉంది' అని చెప్పి ఆగండి. 'మోసగాళ్లు', 'దొంగ కంపెనీ' అన్న మాటలు నోట రానీయకండి, అవి మీరు కొలిచినవి కావు. మిత్రుడి టార్చి కంపెనీ నుంచి మీకు ఉచితంగా వస్తువు గాని ఇతర ప్రతిఫలం గాని అందితే ఆ సంగతి వీడియోలోనే వెల్లడించాలి. ఈ నియమాన్ని పట్టించుకోని వారు చాలామంది, ఎదుటి పక్షం మొదట వెతికేదీ దాన్నే.

లైసెన్సు గురించి: ఎన్ని ల్యూమెన్లున్నా ఉత్త టార్చికి లైసెన్సు అవసరం లేదు. ఆయుధాల చట్టం, 1959 వర్తించేది దాడికో ఆత్మరక్షణకో ఆయుధంగా రూపొందించిన వస్తువులకు. విద్యుత్ షాక్ ఇచ్చే పరికరం కలిసి ఉన్న టార్చీలు కొన్ని అమ్ముతున్నారు, అవి ఆ నిర్వచనంలోకి వచ్చే అవకాశం ఉంది కాబట్టి వాటి జోలికి పోకండి. వాడకంలో మాత్రం జాగ్రత్త అవసరం. అభయారణ్యంలో అడవి జంతువులను వేధించడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 27 కింద నిషేధం, రాత్రివేళ వాటి కళ్లలోకి ఈ వెలుగు కొట్టడాన్ని అటవీ అధికారులు వేధింపుగానే చూడవచ్చు. ఎదురుగా వస్తున్న వాహనం నడిపే మనిషి కళ్లలోకి సరదాకు కొట్టినా, నిర్లక్ష్యంతో ఇతరుల భద్రతకు ముప్పు తెచ్చారంటూ న్యాయ సంహిత సెక్షన్ 125 కింద కేసు పెట్టవచ్చు, అక్కడ మీ టార్చి లక్ష ల్యూమెన్లా వెయ్యి ల్యూమెన్లా అన్నది ఎవరూ అడగరు.